మోంటెర్రేలో రాణి కిత్తనార కోసం రెండు రోజులు

మెక్సికోలోని మోంటెర్రేలో మొక్కలు చూపించే గైడ్‌ను మాట్లాడుకునేవాళ్లు ముందు ఒక్క మాట అడగండి: రాణి కిత్తనార (అగేవ్ విక్టోరియే రెజీనే) ఆకు అంచులకి ముళ్లుంటాయా? ఉంటాయన్నాడో, డబ్బులు ఇవ్వకండి. మేం అడక్కుండానే ఇద్దరికీ కలిపి 1,800 పెసోలు ముందే కట్టేశాం.

అక్క ఈ మొక్కని పదకొండేళ్లుగా కుండీలో పెంచుతోంది. ఇప్పటికి బంతి అంత అయింది. పొట్టి, మందపాటి ఆకులు, వాటి మీద సున్నంతో గీసినట్టు తెల్లటి గీతలు, కొసన నల్లటి ముల్లు. అంచులు మాత్రం నున్నగా ఉంటాయి. 1875లో విక్టోరియా రాణి పేరు పెట్టారు దీనికి. పుట్టిల్లు ఈశాన్య మెక్సికో కొండలు. అది పుట్టిన చోట చూడాలన్నది అక్క కోరిక, అందుకే వెళ్లాం.

గైడ్ మమ్మల్ని ఊరి చివర రోడ్డు పక్కన దింపి, మనిషెత్తు కిత్తనార ఒకటి చూపించాడు. అంచుల నిండా కొక్కేల్లాంటి ముళ్లు. పూకాడ కొమ్మలు కొమ్మలుగా విచ్చుకుని ఉంది. మేం వెతికేదానికి కొమ్మల్లేకుండా ఒకటే నిట్రాట లాంటి కాడ వస్తుంది. పెరిగితే ఇలాగే అవుతుందని అతను వాదించాడు. అక్క ఏం మాట్లాడలేదు, ఆ ఆకు అంచుని మెల్లగా తాకి చూపించి వెనక్కి తిరిగింది. డబ్బు తిరిగివ్వలేదు. ఆ రాత్రి అక్క భోజనం చెయ్యలేదు. దానికి తోడు 850 పెసోల గదిలో ఏసీ అర్ధరాత్రి ఆగిపోయింది. జూన్‌లో అక్కడ ఏసీ లేకుండా నిద్ర పట్టదు.

మర్నాడు పొద్దున్నే ఆరున్నరకి టాక్సీ ఎక్కాం. డ్రైవర్‌కి ఇంగ్లీషు రాదు. ఫోన్‌లో ఫొటో చూపించగానే "నోఆ!" అన్నాడు. అక్కడివాళ్లు దాన్ని అలాగే పిలుస్తారు. శాంటా కతరీనా దాటి వాస్తెకా లోయలోకి తీసుకెళ్లి, కారాపి, పైకి చెయ్యి చూపించాడు.

రెండు వైపులా ఆకాశాన్ని మూసే సున్నపురాయి గోడలు. ఆ గోడల్లో పిడికెడు మట్టి కూడా లేని పగుళ్లలో అవే మొక్కలు, కొన్ని కొండకి అతికించినట్టు పక్కకి వేలాడుతూ. ఒకదానికి కాడ లేచి ఉంది, నిలువునా ఇద్దరు మనుషుల ఎత్తు. ఇరవై, ముప్పై ఏళ్లకి ఒక్కసారే పూస్తుంది, విత్తనం ఇచ్చి చనిపోతుంది. పిలకలు కూడా అరుదు కాబట్టి ఆ విత్తనాలే దానికి దిక్కు. పక్కనే ఎండిపోయిన కాడ ఒకటి. అక్క బైనాక్యులర్స్ నా చేతికి గంటన్నర దాకా ఇవ్వలేదు. కళ్లు తుడుచుకోవడం చూశాను, పలకరించలేదు.

టాక్సీకి రానూపోనూ 640, రెండు గంటలు ఆగినందుకు 400, మొత్తం 1,040 పెసోలు. అక్క ఇంకో వంద చేతిలో పెట్టింది. మీరూ ఎండ ఎక్కకముందే వెళ్లండి, బైనాక్యులర్స్ మర్చిపోకండి. గోడ ఎక్కి పీకే ప్రయత్నం మాత్రం చెయ్యొద్దు. మెక్సికో చట్టం, అరుదైన మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండూ దానికి రక్షణ ఇస్తున్నాయి. ఇంట్లో కావాలంటే, విత్తనం నుంచి పెంచిన మొక్క నర్సరీలో అడిగి కొనండి.