మొదటి అద్దె ఆస్తి: గేటెడ్ ఫ్లాటా, పాత కాలనీలో పోర్షన్ల ఇల్లా?

మా బావమరిది ఉప్పల్‌లో ఉంటాడు. మొన్న ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్ చేశాడు. "బావా, రెండు చూశాను. అమీన్‌పూర్‌లో గేటెడ్ కమ్యూనిటీ ఫ్లాట్, డబుల్ బెడ్‌రూమ్, 75 లక్షలు. అద్దె 22 వేలు గ్యారంటీ అంటున్నారు. ఇంకోటి బోడుప్పల్‌లో పాత ఇల్లు, 120 గజాలు, 90 చెబుతున్నారు. కింద రెండు సింగిల్ బెడ్‌రూమ్ పోర్షన్లు, పైన డబుల్, ఆ పైన పెంట్‌హౌస్ గది ఒకటి. ఏది తీసుకోమంటావ్?" మాట్లాడుతుంటేనే తెలిసిపోయింది, వాడి మనసు ఫ్లాట్ మీదే ఉందని. స్విమ్మింగ్ పూల్ ఫొటోలు కూడా పంపాడు.

నాకు రెండు రకాలతోనూ అనుభవం ఉంది. 2014లో ఒక ఫ్లాట్ కొన్నాను. నాలుగేళ్ల తర్వాత నాగోల్ వైపు ఒక పోర్షన్ల ఇల్లు. ఒకదానితో డబ్బు పోగొట్టుకున్నాను, ఇంకోదానితో నిద్ర. అందుకే ఫోన్‌లో తేల్చకుండా, కాగితం పెన్ను తీసుకుని ఇంటికి రమ్మన్నాను.

ముందు ఫ్లాట్ లెక్క వేశాం. నెలకు 22 వేలు, ఏడాదికి 2,64,000. బ్రోకర్ లెక్క ఇక్కడితో ఆగిపోతుంది. మాది ఇక్కడ మొదలైంది. ఏడాదికి నెలన్నర ఖాళీ ఉంటుందనుకుంటే 33,000 పోయింది. అద్దెకున్నవాళ్లు ఉన్నన్నాళ్లు మెయింటెనెన్స్ వాళ్లే కడతారు కానీ, ఖాళీగా ఉన్నప్పుడు అది మన నెత్తిమీదే. దానికి 4,500. ఆస్తి పన్ను 6,000. గీజర్, కుళాయిలు, రెండు మూడేళ్లకోసారి పడే రంగుల ఖర్చులో ఏడాది వాటా, అన్నీ కలిపి 15,000. చేతికి మిగిలేది 2,05,500. పెట్టుబడి కూడా 75 కాదు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం. అంటే 80 లక్షలు దాటింది. భాగిస్తే రెండున్నర శాతం.

ఇల్లు లెక్క. కింద పోర్షన్లు ఎనిమిదేసి వేలు, పైన 13 వేలు, పెంట్‌హౌస్ గది అయిదున్నర. మొత్తం 34,500, ఏడాదికి 4,14,000. ఒక్కో పోర్షన్ ఏడాదికి ఒక నెల ఖాళీ అనుకున్నాం. రిపేర్లకు 45,000 పక్కన పెట్టాం. పాత ఇంటికి అంత కావాల్సిందే. పన్ను, మోటారు కరెంటు, మెట్లు ఊడ్చే మనిషి జీతం తీస్తే 3,12,500 మిగిలింది. రిజిస్ట్రేషన్‌తో కలిపి పెట్టుబడి సుమారు 96 లక్షల 75 వేలు. మూడుంపావు శాతానికి కాస్త తక్కువ.

"ఇంతేనా? ఎఫ్‌డీ వేసుకుంటే పోలా?" అన్నాడు వాడు. న్యాయమైన ప్రశ్నే. మన దగ్గర నివాస ఇళ్ల అద్దె ఆదాయం ఎప్పుడూ అంతంతమాత్రమే. ఎఫ్‌డీ వడ్డీ పెరగదు, అద్దె ఏడాదికోసారి పెరుగుతుంది, పైగా నేల విలువ ఉంటుంది. అది నిజమే. కానీ అద్దె ఈఎంఐని మోస్తుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మొద్దు. 50 లక్షల లోను, 20 ఏళ్లు, 8 శాతం వడ్డీ అంటే నెలకు 41,800 పైనే. ఫ్లాట్ అద్దె అందులో సగం. మిగతా సగం ఎవరి జీతంలోంచి పోతుందో ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి.

శాతాల్లో తేడా ముప్పావే. దానికోసం ఇంత ఆలోచించక్కర్లేదు. అసలు తేడా ఖాళీ నెలల్లో ఉంది.

నా ఫ్లాట్‌లో ఉన్న కుటుంబం ఒక ఏడాది జూన్ నెలాఖరున ఖాళీ చేసింది. మంచివాళ్లు, నెల ముందే చెప్పారు. కానీ అప్పటికే బడులు తెరిచారు. పిల్లలున్న కుటుంబాలన్నీ ఏప్రిల్, మే నెలల్లోనే మారిపోయాయి. ఆ వెంటనే ఆషాఢం. చూడ్డానికి వచ్చినవాళ్లంతా బాగుందన్నవాళ్లే. "శ్రావణంలో వస్తామండీ" అని వెళ్లిపోయారు. ఆ శ్రావణంలో వచ్చింది వేరేవాళ్లు. మొత్తం 72 రోజులు తాళం. ఈఎంఐ, మెయింటెనెన్స్ మాత్రం ఒక్క రోజు ఆగలేదు. అప్పటినుంచి అగ్రిమెంట్ పదకొండు నెలలు ఎప్పటికి ముగుస్తుందో క్యాలెండర్ చూసి మరీ రాయిస్తున్నాను. మామూలుగా అందరూ పదకొండు నెలలకే రాసుకుంటారు. ఆ గడువు మార్చి, ఏప్రిల్‌లో తీరేలా చూసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. అటు ఆషాఢంలోనూ ఇటు పుష్యంలోనూ పడకూడదు.

ఫ్లాట్ ఖాళీ అయితే ఆదాయం సున్నా. నాలుగు పోర్షన్లలో ఒకటి ఖాళీ అయితే మిగతా మూడు నడుస్తూనే ఉంటాయి. కొత్తగా దిగేవాళ్లకు నేను చెప్పగలిగిన మాటల్లో ఇదే పెద్దది. ఎనిమిది వేల పోర్షన్‌కు గిరాకీ కూడా వేరు. టు-లెట్ బోర్డు కడితే చాలు, బ్రోకర్ కూడా అక్కర్లేదు. 22 వేల ఫ్లాట్‌కు వచ్చేవాళ్లు ఈస్ట్ ఫేసింగా అని అడుగుతారు, కార్ పార్కింగ్ ఎక్కడని అడుగుతారు, పక్క బ్లాక్‌లో 20 వేలకే ఉందంటారు. ఒకే ప్రాజెక్టులో ఒకేసారి వంద ఫ్లాట్లు చేతికొస్తే, ఆ వందమంది ఓనర్లూ ఒకరికొకరు పోటీ.

అయితే పోర్షన్ల ఇల్లు ఊరికే కూర్చోనివ్వదు. పొద్దున్న ఆరుకు ఫోన్: "అంకుల్, నీళ్లు రావట్లేదు." వెళ్లి చూస్తే మోటారు కాలింది. ఇంకోరోజు పెంట్‌హౌస్ బాత్రూమ్ నుంచి కింద వంటగది గోడకు చెమ్మ. కిందావిడ గోడ మీద వేలు పెట్టి చూపించింది, పెచ్చు ఊడి ఆమె చేతిలోకే వచ్చింది. బాత్రూమ్ టైల్స్ తవ్వి మళ్లీ వేయించేదాకా రెండు వారాలు ఇద్దరికీ నేనే సర్దిచెప్పాల్సి వచ్చింది. ఫ్లాట్‌లో అయితే ఇలాంటివి అసోసియేషన్ చూసుకుంటుంది, లిఫ్టు, జనరేటర్, వాచ్‌మన్ గొడవ మనకుండదు. అందుకే బండి మీద పావుగంటలో చేరలేని చోట పోర్షన్ల ఇల్లు కొనొద్దంటాను. మా వాడికి బోడుప్పల్ పది నిమిషాలు. అమీన్‌పూర్ ఊరికి ఆ చివర.

కరెంటు మీటర్ల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ చిన్నది కాదు. నాలుగు పోర్షన్లకూ కలిపి ఒకే మీటరుంటే యూనిట్లన్నీ కలిసి పై స్లాబులోకి పోతాయి. పైగా ప్రతి నెలా పంచుకునే దగ్గర తగాదా. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది. అద్దెకుండేవాళ్లకూ అది వర్తిస్తుంది. విడి మీటరు లేని పోర్షన్ అంటే, ఆ లాభం పోతుందని చెప్పి వెనక్కి వెళ్లిపోయేవాళ్లను చూశాను.

ఇక కాగితాలు. ఇక్కడ ఫ్లాట్‌దే పైచేయి, సందేహం లేదు. రెరాలో (బిల్డర్ల ప్రాజెక్టులను నియంత్రించే సంస్థ) నమోదైన ప్రాజెక్టు, కట్టడం పూర్తయి నివాసానికి తగినదని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ), బ్యాంకు లోను ఇచ్చిన దాఖలా ఉంటే సగం పరిశీలన వేరేవాళ్లు చేసిపెట్టినట్టే. ఓసీ వచ్చాక కొంటే జీఎస్టీ కూడా ఉండదు. కట్టుబడిలో ఉండగా కొంటే మామూలుగా 5 శాతం. పాత ఇంటికి ఈ పనంతా మనమే చేసుకోవాలి. ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, అప్పులు చూపే పత్రం), పాత అమ్మకాల లింక్ డాక్యుమెంట్లు, మున్సిపల్ అనుమతి ఎన్ని అంతస్తులకు ఉంది, సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందా, దగ్గర్లో చెరువుంటే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు), దాని చుట్టూ కట్టకూడని బఫర్ జోన్ ఎక్కడిదాకా. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చినప్పటినుంచి ఈ చివరి ప్రశ్న అడగకుండా ఎవరూ టోకెన్ ఇవ్వడం లేదు. ఆ పెంట్‌హౌస్ గదికి అనుమతి లేకపోతే దాని అద్దెను లెక్కలోంచి తీసేసి బేరం ఆడమని మా వాడికి చెప్పాను. తీసేస్తే ఇంటి లెక్క కూడా ఫ్లాట్ దగ్గరికి దిగుతుంది. అది కూడా వాడికి దాచలేదు.

నేల సంగతి వేరే. ఆ ఫ్లాట్‌తో నేలలో వచ్చే అవిభాజ్య (విడదీయని) వాటా ముప్పై, నలభై గజాలుంటే గొప్ప. ఇల్లయితే 120 గజాలూ మనవే. కట్టడం పాతబడుతుంది, నేల పాతబడదు.

ఆదాయపు పన్ను విషయంలో రెండింటికీ తేడా లేదు. వచ్చిన అద్దెలోంచి కట్టిన ఆస్తి పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు, ఆపైన లోను వడ్డీ. రిపేర్లకు మీరు పది వేలు పెట్టినా లక్ష పెట్టినా ఆ 30 శాతంలోనే సర్దుకోవాలి. వడ్డీ ఎక్కువై నష్టం చూపిస్తే పాత ఆదాయపు పన్ను విధానంలో ఏడాదికి 2 లక్షల దాకా జీతంతో సర్దుకోవచ్చు. కొత్త విధానంలో ఆ వెసులుబాటు లేదు. చాలామంది పాత లెక్కే మనసులో పెట్టుకుని కొంటున్నారు.

అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉండి ఇక్కడ అద్దె ఆస్తి కొనేవాళ్లకైతే నేను పోర్షన్ల ఇంటి మాటే ఎత్తను. మోటారు కాలినప్పుడు తమ్ముడో బాబాయో పరుగెత్తాలి. మొదటి ఏడాది ప్రేమగానే చేస్తారు, రెండో ఏడాదికి మాటలు తగ్గుతాయి. వాళ్లకు ఫ్లాటే సరి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఓనరు ఎన్నారై అయితే అద్దె ఎంత చిన్నదైనా, కట్టే మనిషే మామూలుగా 31.2 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) పట్టి ప్రభుత్వానికి జమ చేయాలి. ఇక్కడ ఉండే ఓనరుకు అయితే నెల అద్దె 50 వేలు దాటితేనే, అదీ 2 శాతమే. ఈ పని చేయడానికి ఒప్పుకునే కిరాయిదారును వెతకడం ఒక పని.

షాపు గురించి కూడా అడిగాడు. రోడ్డు పక్క మడిగెకు అద్దె శాతం ఎక్కువ, రిపేర్లు తక్కువ. కానీ ఖాళీ అయితే ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది షట్టరు లేవదు. మొదటి ఆస్తిగా వద్దు, మూడోదిగా చూద్దాం అన్నాను. ఇల్లంతా హాస్టల్ వాళ్లకు లీజుకిస్తే నెలకో పెద్ద మొత్తం ఒకేచోట వస్తుంది. నాలుగు కుటుంబాలున్న ఇంట్లో నలభై మంది స్నానాలు చేస్తే డ్రైనేజీ, బోరు ఏమవుతాయో ఊహించుకోండి. చేతిలో రెండు మూడు లక్షలే ఉన్నవాళ్లు రీట్ (అద్దె వచ్చే పెద్ద భవనాల్లో చిన్న వాటాలు అమ్మే ట్రస్టు) యూనిట్లు చూడొచ్చు. మాదాపూర్‌లో ఆఫీసులున్న మైండ్‌స్పేస్ లాంటివి 2020 నుంచి స్టాక్ మార్కెట్‌లో ఉన్నాయి, పంచగల ఆదాయంలో 90 శాతం పంచాలన్నది నిబంధన. ధర మాత్రం షేరులాగే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. పొద్దున్న ఆరింటికి "అంకుల్" అంటూ వచ్చే ఫోన్ గొడవ మాత్రం లేదు.

చివరికి వాణ్ని కదిలించింది వేరే లెక్క. మొదటిది కొన్నాక రెండో ఆస్తికి మళ్లీ 75 లక్షలు ఎక్కడినుంచి వస్తాయి? ఫ్లాట్ కొంటే రెండోది కూడా మొదటినుంచే మొదలుపెట్టాలి. ఇంటి మీద అయితే, అనుమతి వచ్చి పునాదులు, పిల్లర్లు తట్టుకుంటాయని ఇంజనీరు చెబితే, ఆ పెంట్‌హౌస్ గది తీసేసి పూర్తి అంతస్తు వేసుకోవచ్చు. 750 చదరపు అడుగులు, అడుగుకు 2,200 వేసుకున్నా పదహారున్నర లక్షలు. దానిమీద 13 వేల అద్దె వస్తే, గది మీద వచ్చే అయిదున్నర పోయినా, ఏడాదికి అదనంగా 90 వేలు. అయిదున్నర శాతం. ఖర్చులు తీయక ముందు లెక్కే ఇది, అయినా నేల మళ్లీ కొనక్కర్లేదు. ఈలోపు ఆరు నెలల ఈఎంఐకి సరిపడా డబ్బు పక్కన పడేదాకా కొత్త ఖర్చు ఏదీ తలపెట్టొద్దని చెప్పాను.

వాడు ఇంకా టోకెన్ ఇవ్వలేదు. ఈసీ తీయించాడు, ఒక స్ట్రక్చరల్ ఇంజనీరుతో మాట్లాడాడు. నిన్న పొద్దున్న ఆరింటికి బోడుప్పల్ వెళ్లి, ఆ ఇంటి ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి, నీళ్లు ఎప్పుడు వస్తాయో చూశాడట. ఆ వీధిలో టు-లెట్ బోర్డులు మూడు కనిపించాయి. మూడింటికీ ఫోన్ చేశాడు. రెండు చోట్ల, "అది అయిపోయిందండీ, బోర్డు తీయలేదంతే" అన్నారట.