ఆస్ట్రేలియాను పడగొట్టేది ఎవరు: సమోవానా, టోంగానా, న్యూజిలాండా?

మేముండేది సిడ్నీ పశ్చిమాన, వెస్ట్‌మీడ్‌లో. ఇక్కడ మనవాళ్లు ఏ ఇద్దరు కలిసినా మాట క్రికెట్ మీదికే పోతుంది. మా వీధి కథ వేరు. ఎదురింట్లో సమోవా కుటుంబం, రెండిళ్ల అవతల టోంగా కుటుంబం. అక్టోబర్ వచ్చిందంటే రెండిళ్ల మీదా జెండాలు లేస్తాయి. రెండూ ఎర్రవే. సమోవా జెండాకు మూలన నీలం మీద తెల్ల నక్షత్రాలుంటాయి, టోంగా జెండాకు తెలుపు మీద ఎర్ర సిలువ. వాళ్ల మధ్య ఉండగా ఉండగా నాకూ రగ్బీ లీగ్ పిచ్చి పట్టింది. 2026 చివర్లో ప్రపంచ కప్ ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, పపువా న్యూ గినియాల్లో కనుక మా వీధిలో ఇప్పుడు ఒకటే చర్చ: ఆస్ట్రేలియాను ఓడించే సత్తా ఎవరికుంది?

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. జట్టుకు 13 మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకు ఆరు ట్యాకిల్స్ గడువు. ఆరోసారి కూడా పట్టుబడితే బంతి అవతలివాళ్లది. అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ట్రై, 4 పాయింట్లు. ఆపైన పోస్టుల మధ్య నుంచి తంతే మరో 2. ఆట నడుస్తుండగా కొట్టే డ్రాప్ గోల్‌కు 1. కబడ్డీ చూస్తూ పెరిగినవాళ్లకు దీని రుచి త్వరగానే అందుతుంది. ఆ పట్టు, ఆ విదిలింపు, జానెడు నేల కోసం ఆ పెనుగులాట మనకు కొత్త కాదు.

ఇప్పటిదాకా 16 ప్రపంచ కప్పులు జరిగితే 12 ఆస్ట్రేలియావే. గ్రేట్ బ్రిటన్ మూడు గెలిచింది, చివరిది 1972లో. న్యూజిలాండ్ ఒక్కటి, 2008లో, అదీ బ్రిస్బేన్‌లో ఆస్ట్రేలియా ముందే 34-20తో. ఇంగ్లండ్‌ను నేను ఈ లెక్కలోకి తీసుకోవడం లేదు. 2025 యాషెస్‌లో (ఈ ఆటకూ యాషెస్ ఉంది) సొంతగడ్డ మీద 26-6, 14-4, 30-8తో మూడూ ఓడింది. మూడు మ్యాచ్‌లు కలిపి 18 పాయింట్లు చేసిన జట్టు గురించి ఇప్పుడు వాదించడానికేమీ లేదు.

ముందు సమోవా. పసిఫిక్ సముద్రంలోని ఈ దీవుల దేశ జనాభా రెండు లక్షల పైచిలుకు, మన దగ్గరైతే ఒక మోస్తరు పట్టణం. కానీ సిడ్నీ, బ్రిస్బేన్, ఆక్లాండ్ వీధుల్లో పెరిగిన సమోవా బిడ్డలు ఎన్‌ఆర్‌ఎల్ (ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ క్లబ్బుల రగ్బీ లీగ్ పోటీ) జట్ల నిండా ఉన్నారు. తల్లిదండ్రుల దేశానికీ అవ్వాతాతల దేశానికీ ఆడే హక్కు వాళ్లకుంది. న్యూ సౌత్ వేల్స్‌కో క్వీన్స్‌లాండ్‌కో స్టేట్ ఆఫ్ ఆరిజిన్ (ఆ రెండు రాష్ట్రాల మధ్య ఏటా జరిగే సిరీస్) ఆడినా ఆ హక్కు పోదు. అందుకే 2022లో సిడ్నీ క్లబ్ పెన్‌రిత్‌కు ఎన్‌ఆర్‌ఎల్ టైటిల్ గెలిపించిన జరోమ్ లూవాయ్, బ్రయాన్ టోఓ, స్టీఫెన్ క్రైటన్ ఆ వెంటనే సమోవా నీలం చొక్కా వేసుకుని ప్రపంచ కప్‌కు వెళ్లారు.

ఆ టోర్నీ నేను మర్చిపోలేను. అక్టోబర్ 2న ఎన్‌ఆర్‌ఎల్ ఫైనల్ అయింది. అక్టోబర్ 15న ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో ఆతిథ్య జట్టుతోనే మొదటి మ్యాచ్. మధ్యలో ఉన్నది పట్టుమని రెండు వారాలు కూడా కాదు. 60-6తో చిత్తుగా ఓడారు. నాలుగు వారాల తర్వాత లండన్‌లో, సెమీఫైనల్లో మళ్లీ అదే ఇంగ్లండ్. మాకిక్కడ అర్ధరాత్రి దాటింది. ఎదురింటి హాల్లో పిల్లలు చాపల మీద పడుకుని చూస్తున్నారు, వాళ్ల నాయనమ్మ కుర్చీలో బైబిల్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చివరి నిమిషాల్లో ఇంగ్లండ్ 26-26కు సమం చేసింది. ఇక ఎవరు ముందు పాయింట్ కొడితే వాళ్లదే మ్యాచ్. క్రైటన్ బంతిని కాలి మీదికి జారవిడిచి తన్నాడు. అది పోస్టుల మధ్య నుంచి వెళ్తుంటే హాల్లో ఎవరూ ఊపిరి తీయలేదు. 27-26. ఆ పెద్దావిడ లేచి నిలబడి పాట అందుకుంది. ఫైనల్లో ఆస్ట్రేలియా 30-10తో గెలిచిందన్న సంగతి ఆ వీధిలో నేటికీ ఎవరూ ఎత్తరు.

ఇప్పుడు ఆ జట్టుకు పేన్ హాస్ కూడా తోడయ్యాడు. అంతకుముందు ఆస్ట్రేలియాకు ఆడినవాడు. 2025లో బ్రిస్బేన్‌తో ఎన్‌ఆర్‌ఎల్ టైటిల్ గెలిచి, అదే ఏడాది సమోవావైపు వచ్చాడు. ముందు వరుసలో అతనికి సాటి వచ్చేవాడు నాకైతే కనిపించడు. పేర్లు రాసుకుని పక్కపక్కన పెట్టి చూస్తే మూడు జట్లలో ప్రతిభ ఎక్కువ సమోవాకే.

టోంగా కథ ఇంకా పెద్దది. జనాభా లక్ష. 2017లో జేసన్ టౌమలోలో న్యూజిలాండ్‌ను, ఆండ్రూ ఫిఫీటా ఆస్ట్రేలియాను వదులుకుని టోంగాకు వచ్చారు. పెద్ద దేశం, పెద్ద మ్యాచ్ ఫీజు కాదనుకుని పూర్వీకుల ఊరివైపు నిలబడ్డారు. ఆ ఏడాదే హామిల్టన్‌లో న్యూజిలాండ్‌ను 28-22తో ఓడించారు. 2019లో ఈడెన్ పార్క్‌లో ఆస్ట్రేలియానే 16-12తో కొట్టారు. ఈ రోజు పసిఫిక్ దీవుల ఆటకు ఉన్న గౌరవమంతా ఆ కుర్రాళ్లు సంపాదించిపెట్టిందే. 2024లో కూడా ఆక్లాండ్‌లో న్యూజిలాండ్‌ను 25-24తో ఓడించి, పసిఫిక్ ఛాంపియన్‌షిప్స్ ఫైనల్లో ఆస్ట్రేలియా చేతిలో 14-20తో ఆగిపోయారు.

కానీ 2025 పసిఫిక్ ఛాంపియన్‌షిప్స్ టోంగాకు కలిసిరాలేదు. సమోవా 34-6తో, న్యూజిలాండ్ 40-14తో ఓడించాయి. ఆ రెండో మ్యాచ్‌లో తలకు దెబ్బలు తగిలి టోంగా ఆటగాడు ఎలియేసా కటోవాకు ఆపరేషన్ చేయాల్సివచ్చింది. 2026 సీజన్ మొత్తానికీ అతను దూరమయ్యాడు. గెలుపోటముల కంటే అది నన్ను ఎక్కువ బాధించింది. హాఫ్‌గా, అంటే దాడిని నడిపే స్థానంలో, ఆడే కుర్రాడు ఇసాయా కటోవా మీద నాకు గట్టి నమ్మకం, కానీ అతని చుట్టూ మంచి జట్టు కుదరడానికి ఇంకొంత కాలం పడుతుంది. అందుకని టోంగాది మూడో స్థానం.

ఇక న్యూజిలాండ్. ప్రపంచ విజేత ఆస్ట్రేలియాను 2023లో హామిల్టన్‌లో 30-0తో ఓడించింది. ఆస్ట్రేలియా చరిత్రలో అంత పెద్ద ఓటమి లేదు. తీరా 2024 వచ్చేసరికి టోంగా చేతిలోనూ ఆస్ట్రేలియా చేతిలోనూ ఓడి, పై విభాగంలో నిలవడానికి పపువా న్యూ గినియాతో మ్యాచ్ ఆడాల్సివచ్చింది. ఒక ఏడాది కొండెక్కడం, మరుసటి ఏడాది జారిపడటం ఈ జట్టుకున్న పెద్ద జబ్బు. 2025 పసిఫిక్ ఛాంపియన్‌షిప్స్‌లో మళ్లీ మూడు మ్యాచ్‌లూ గెలిచి, మొత్తం సరిగ్గా 100 పాయింట్లు చేసింది. అయితే ఆస్ట్రేలియా అప్పుడు ఇంగ్లండ్‌లో ఉంది, ఆ టోర్నీ ఆడలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

సమోవాతో ఆ టోర్నీ ఫైనల్ మా పక్కనే, పారమట్టాలోని స్టేడియంలో జరిగింది. ఎటు చూసినా సమోవా నీలమే. ఎదురింటివాళ్లతో పాటు నేనూ నీలం చొక్కా వేసుకునే వెళ్లాను. గీత పక్కన మా సీట్లు కావడంతో టీవీలో కనపడని సంగతి ఒకటి కనపడింది. ట్యాకిల్ అయినవాడు లేచి, బంతిని నేల మీద పెట్టి కాలితో వెనక్కి దొర్లిస్తాడు. వెనక వంగి నిలబడ్డ హుకర్ దాన్ని తీసి అందిస్తాడు. అంతా రెప్పపాటులో అయిపోవాలి. న్యూజిలాండ్‌వాళ్లు ఇది చేస్తుంటే రక్షణలో ఉన్నవాళ్లు ఇంకా వెనక్కి నడుస్తూనే ఉన్నారు, అప్పటికే బంతి వాళ్ల హాఫ్‌లైన కీరన్ ఫోరన్ చేతిలోనో డిలన్ బ్రౌన్ చేతిలోనో ఉంది. సమోవావాళ్లు చేస్తుంటే హాస్ ఎంత నేల సంపాదించినా, తర్వాతి పాస్ ఎవరికన్న విషయంలో అర సెకను తటపటాయింపు. ఆ అర సెకనులో రక్షణ గోడ కుదురుకుంటుంది. 36-14తో న్యూజిలాండ్ గెలిచింది. 35 ఏళ్ల కీరన్ ఫోరన్‌కు అదే ఆఖరి మ్యాచ్.

నా తీర్పుకు ఆధారం ఈ అర సెకనే. అంచుల్లో పరుగెత్తే వింగర్లు, ముందుకు తోసే ఫార్వర్డ్‌లు ఎంత గొప్పవాళ్లయినా ఆటను నడిపేది హుకర్, ఇద్దరు హాఫ్‌లు, అందరి వెనక ఉండే ఫుల్‌బ్యాక్. లూవాయ్ గొప్ప ఆటగాడే, కానీ పెన్‌రిత్‌లో ఆటను నడిపింది నేథన్ క్లియరీ, ఆ పక్కన స్వేచ్ఛగా ఆడింది లూవాయ్. సమోవాలో ఆ నడిపే బరువు కూడా అతని మీదే పడుతోంది. ఫోరన్ వెళ్లిపోయినా న్యూజిలాండ్‌కు 2024లో డాలీ ఎమ్ మెడల్ (ఎన్‌ఆర్‌ఎల్‌లో ఆ ఏటి ఉత్తమ ఆటగాడికిచ్చేది) గెలిచిన జరోమ్ హ్యూస్ ఉన్నాడు, డిలన్ బ్రౌన్ ఉన్నాడు. ముందు జేమ్స్ ఫిషర్-హారిస్, జోసెఫ్ టపీనే బలంగా తోస్తుంటే వీళ్లకు చోటు దొరుకుతుంది. అందుకే మనసు నీలంవైపు ఉన్నా, ఆస్ట్రేలియాను ఓడించే అవకాశం న్యూజిలాండ్‌కే ఎక్కువ అంటాను.

ఎదురింటాయన ఈ మాట ఒప్పుకోడు. "మాకు నాలుగు వారాలు కలిసి ఉండనివ్వు, అప్పుడు మాట్లాడు" అంటాడు. 2022 చూసినవాణ్ణి కనుక ఆ మాట కొట్టిపారేయలేను. ప్రపంచ కప్‌లో సమోవా మొదటి మ్యాచ్ రోజు నా చూపు హాస్ మీద ఉండదు. ఆటను నడిపే హాఫ్ వేసుకునే 7వ నంబర్ చొక్కా ఎవరిదో, హుకర్ బంతి అందుకునేలోపు అతను ఎక్కడ నిలబడి ఉంటాడో చూస్తాను.