మూడేళ్ల డీజిల్ లీజు: బేరం కుదిరింది, ఫిల్టరే కుదరలేదు

మొదట పసిగట్టింది మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. "సార్, బండి బందు చేసినా పంక తిరుగుతనే ఉన్నది" అన్నాడు, సెల్లార్‌లో కారు పెట్టి లాక్ చేస్తుంటే. ఏసీ వేసుకొచ్చాను కదా, అందుకే అయ్యుంటుందని లిఫ్ట్ ఎక్కేశాను. అతని మాట విని ఇంకో పావుగంట రోడ్డు మీద తిప్పుకొచ్చుంటే నాకు 9,400 రూపాయలు మిగిలేవి.

కారు పేరు చెప్పను, తెలిసినవాళ్లకు ఎలాగూ తెలిసిపోతుంది. 2023 ఏప్రిల్ నుంచి, పొగను రోడ్డు మీద నడిచేటప్పుడే కొలిచే ఆర్‌డీఈ నిబంధనలు వస్తున్నాయని హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నా, ఐ20 లాంటివాటిలో డీజిల్ ఇంజిన్లు వరసగా ఆపేశారు గుర్తుందా? ఆ గుంపులోదే నాదీ. ఒకటిన్నర లీటరు, మాన్యువల్. ఆ ఫిబ్రవరిలో షోరూంలో రెండే మిగిలాయి. ఫీచర్ల సంగతి వదిలేద్దాం, అవన్నీ ఎప్పుడో పాతబడ్డాయి.

ఆఫీసు లీజు స్కీములో తీసుకున్నాను. "ఆగిపోయే మోడల్ కదా సార్, రీసేల్ ఉండదు" అంటూ లీజు కంపెనీ అబ్బాయి మూడేళ్ల తర్వాత కారుకు మిగిలే విలువ (రెసిడ్యువల్ వాల్యూ) 25 శాతమే వేశాడు. అదే కారు పెట్రోల్‌కైతే 35. దాంతో నా నెల అద్దె దాదాపు 3,400 పెరిగింది. బేరం చెడిందని టీములో అందరూ తేల్చేశారు. నాకు మాత్రం అక్కడే లాభం కనిపించింది. అద్దె టాక్సుకు ముందే జీతంలోంచి పోతుంది కాబట్టి 30 శాతం శ్లాబులో ఉన్న నాకు ఆ 3,400 నిజంగా తగిలేది 2,400 లోపే. చివర్లో కారు ఉంచుకోవాలనుకుంటే కట్టాల్సింది లక్షన్నర దాకా తక్కువ. పదేళ్లు దాటిన డీజిల్ బళ్లను తిరగనివ్వమని అప్పట్లో ఢిల్లీలో ఉన్న గోల మన హైదరాబాద్‌లో లేదు. ఇంజిన్ 1.6 లీటర్ల లోపే కనుక ఆఫీసు కారు వాడుకున్నందుకు పన్ను కోసం జీతానికి కలిపే మొత్తం (పెర్క్విజిట్) కూడా అప్పుడు నెలకు 2,400 బదులు 1,800.

ఇంకొక్కటి. షోరూంవాళ్లు 70,000 తగ్గింపును సీటు కవర్లు, మ్యాట్ల రూపంలో ఇస్తామన్నారు. వద్దు, ఇన్వాయిస్‌లోనే తగ్గించమని పట్టుబట్టాను. అద్దె లెక్కగట్టేది ఇన్వాయిస్ మీదే. మ్యాట్లు తర్వాత బయట కొనుక్కున్నాను, నాసిరకమే దొరికాయి.

మొదటి ఏడాది నా అంత సంతోషంగా ఎవరూ లేరు. ఆఫీసు ఆదిభట్లలో, ఇల్లు కొండాపూర్‌లో. పొద్దున్నే ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) ఎక్కితే లీటరుకు 22, 23 వచ్చేది. పెట్రోల్‌తో పోలిస్తే లీటరుకు దాదాపు 12 రూపాయల తేడా వేరే. కనీసం పది మందికి ఇదే తీసుకోమని చెప్పుంటాను. వాళ్లలో ఎవరూ వినకపోవడం ఇప్పుడు తలచుకుంటే మంచిదే అయింది.

ఎందుకంటే ప్రాజెక్టు మారి ఆఫీసు మాదాపూర్‌కి వచ్చింది. ఆరు కిలోమీటర్లు, నలభై నిమిషాలు, రెండో గేరు దాటితే గొప్ప. మైలేజీ 14కి దిగింది. 2024 జూలైలో ఓ వాన సాయంత్రం కొత్తగూడ ఫ్లైఓవర్ ఎక్కుతుండగా ఆరెంజ్ లైటు మెరవడం మొదలైంది, ఆ వెంటనే పికప్ పోయింది. ఎంత తొక్కినా ముసలి ఆటోలా పాకుతోంది. వెనక హారన్ల మోత. పాప వెనక సీట్లో "మనం తోస్తున్నామా నాన్నా?" అని అడిగింది.

సర్వీసు సెంటర్లో మెకానిక్ డిప్‌స్టిక్ లాగి వేస్ట్ గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. ఆయిల్ మ్యాక్స్ గీత దాటి వేలెడు పైన ఉంది. వాసన అచ్చం పెట్రోల్ బంకులో డీజిల్ పంపు దగ్గర వచ్చేదే. సంగతి ఏమిటంటే, పొగగొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. అది నిండినప్పుడల్లా ఇంజిన్ కాస్త ఎక్కువ డీజిల్ వదిలి, ఆ వేడితో మసిని కాల్చేస్తుంది. అందుకు ఓ ఇరవై నిమిషాలు ఆగకుండా నడవాలి. నేనేమో ప్రతిసారీ సగంలో సెల్లార్‌లోకి దించి ఆపేస్తున్నాను. కాలకుండా మిగిలిన డీజిల్ ఆయిల్లోకి జారింది. వాచ్‌మన్ విన్న ఫ్యాన్ చప్పుడు ఇలా సగంలో ఆపినప్పటి వేడిదే.

లీజులో మెయింటెనెన్స్ కలిసే ఉంది, నాకేం టెన్షన్ అనుకున్నాను. "వాడకం వల్ల వచ్చింది, కవర్ కాదు" అని మెయిల్ పెట్టారు. మూడు మెయిళ్లు, రెండు ఫోన్లు. చివరికి మసిని సర్వీసు సెంటర్లోనే కాల్చేయడం (ఫోర్స్డ్ రీజెనరేషన్), ఆయిల్ మార్పు కలిపి ఆ 9,400 నేనే కట్టాను. నాకు కారు అమ్మేటప్పుడు షోరూంలో ఒక్కడైనా ఈ ముక్క చెప్పలేదన్న కోపం నాకు ఇప్పటికీ తీరలేదు.

అప్పటినుంచి ఆదివారం పొద్దున గచ్చిబౌలిలో ఓఆర్‌ఆర్ ఎక్కి శంషాబాద్ దాకా వెళ్లి వెనక్కి. గేరు ఒకటి తగ్గించి 2,000 ఆర్‌పీఎం పైనే ఉంచి, 80 మీద. మా ఆవిడ దీనికి "కారుకి వాకింగ్" అని పేరు పెట్టింది. ఆదా చేసిన డీజిల్లో కొంత ఇలా పోతుంది, టోలు అదనం. లైటు మాత్రం మళ్లీ రాలేదు.

మధ్యలో ఒకసారి వేరే కంపెనీ ఆఫర్ వచ్చింది గానీ, మానేస్తే లీజు ముందే తెంచుకోవడానికి కట్టాల్సిన మొత్తం చూసి రెండు వారాలు నిద్ర పట్టలేదు. ఆఫర్ వదులుకోవడానికి అదొక్కటే కారణం కాదు, కానీ అదీ ఒకటి.

2026 ఫిబ్రవరిలో లీజు ముగిసింది. మూడున్నర లక్షలు, పైన జీఎస్టీ కట్టి కారు ఉంచేసుకున్నాను. 41,000 కిలోమీటర్లు తిరిగిన ఇలాంటి బండికి బయట తొమ్మిది లక్షలు అడుగుతున్నారు కాబట్టి డబ్బు పరంగా బాధ లేదు. అయితే మా అత్తగారిది సూర్యాపేట. నెలకు రెండుసార్లు విజయవాడ హైవే ఎక్కుతాం. అది లేకపోతే తిరిగి ఇచ్చేసేవాణ్ణేమో. ఇంటికీ మాదాపూర్‌కీ మధ్యే తిరిగేవాళ్లకు ఇలాంటి డీజిల్ ఎంత చవగ్గా దొరికినా తీసుకోమని ఇప్పుడైతే చెప్పను. ఆర్‌సీ ఇంకా లీజు కంపెనీ పేరు మీదే ఉంది. అది మార్చడానికి కావాల్సిన ఎన్‌ఓసీ పంపామంటున్నారు, నాకైతే రాలేదు.