టాహో దారిలో స్నో చైన్లకి 190 డాలర్లు పోశాం

కాలిఫోర్నియా కొండల్లోని సౌత్ లేక్ టాహోకి చలికాలంలో కారులో వెళ్ళేవాళ్ళు దయచేసి చైన్లు, అంటే మంచులో జారకుండా టైర్లకి తొడిగే గొలుసులు, ఇంటి దగ్గరే కొనుక్కుని బయల్దేరండి. మేము దారిలో కొన్నాం. 190 డాలర్లు పోయాయి, పూటంతా పోయింది, రెండు నెలలైనా ఆ కోపం నాకింకా తగ్గలేదు.

జనవరి లాంగ్ వీకెండ్. ఇండియా నుంచి అత్తగారు, మామగారు వచ్చి ఉన్నారు, ఇద్దరికీ ఒక్కసారి మంచు చూడాలని కోరిక. తెల్లవారుజామున 5 గంటలకి ఫ్రీమాంట్‌లో బయల్దేరాం, శాక్రమెంటో దాటి హైవే 50 మీద ప్లాసర్‌విల్ దాకా ఏ ఇబ్బందీ లేదు. మాది ఏడబ్ల్యూడీ (నాలుగు చక్రాలనీ ఇంజనే తిప్పే) ఎస్‌యూవీ, టైర్ల మీద ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో, బురదకీ మంచుకీ) అని రాసి ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. అక్టోబరులో టైర్ల షాపులో ముందు రెండూ మార్పించినప్పుడు టాహో వెళ్తాం, వెనకవి సరిపోతాయా అని అడిగాను కూడా. "ఆల్ సీజన్ కదండీ, ఏం పర్లేదు" అన్నాడు. చూడకుండానే చెప్పాడని తర్వాత తెలిసింది.

పొలాక్ పైన్స్ దగ్గర పెట్రోల్ కొట్టించుకుంటుంటే ఆరెంజ్ జాకెట్ వేసుకున్న మనిషి వచ్చాడు. పైన చైన్ కంట్రోల్ (మంచుకి చైన్లు తప్పనిసరి చేసే తనిఖీ) పెట్టారు, చైన్లు లేకపోతే వెనక్కి తిప్పేస్తారు, ఇక్కడే తొడిగేస్తానన్నాడు. చైన్లకి 140, తొడగడానికి 50, క్యాష్ మాత్రమే. పికప్ వెనకనుంచి డబ్బా లేని చైన్లు తీశాడు. సైజు అడిగితే టైరు వైపు ఓసారి చూసి "ఇవే మీవి" అన్నాడు. వెనక పాప మంచెప్పుడు మంచెప్పుడు అని గోల, మా ఆవిడకి టెన్షన్, నాకూ ముందు తెమిలితే చాలనిపించింది. ఇచ్చేశాను.

రోడ్డు మీద ఇంకా మంచే లేదు, తడి తారు. 25 మైళ్ళ స్పీడులో వెళ్తుంటే వెనకనుంచి టకటకమని ఒకటే చప్పుడు. చైన్ అంటే ఇంతేనేమో అనుకున్నాను. మామగారు ముప్పై ఏళ్ళు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేశారు, రెండు మైళ్ళు ఓపిక పట్టి "బాబూ, ఆ చప్పుడు మంచిది కాదు, బండి పక్కకి తీయండి" అన్నారు. దిగి చూస్తే చైన్ టైరుకంటే పెద్దది. మిగిలిన జానెడు కొసని రబ్బరు తాడుతో కట్టాడు, ఆ తాడు తెగింది, కొస తిరిగినప్పుడల్లా చక్రం పైనున్న ప్లాస్టిక్‌ని కొట్టి మూడు చోట్ల చీల్చింది. ఒక లింకు సాగి కొక్కెంలా తెరుచుకుంది. ఇంకో నాలుగు మైళ్ళు పోతే తెగి బ్రేకు గొట్టానికి చుట్టుకునేదని మామగారు అన్నారు. ఇద్దరం ఆ చలిలో కూర్చుని విప్పేశాం, ఆయన వేళ్ళు ఎర్రగా కందిపోయాయి. అత్తగారు ఒక్క మాటా అనలేదు, కారులో కూర్చుని పాపకి పులిహోర తినిపిస్తూ ఉండిపోయారు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

ఇంకా పైకి వెళ్తే చైన్లు వేసుకోవడానికి రోడ్డు పక్కన వదిలిన ఖాళీ జాగా వచ్చింది, అక్కడ నంబరు బ్యాడ్జీ పెట్టుకుని పనిచేస్తున్న ఒకావిడ కనిపించింది. అసలు సంగతులన్నీ ఆవిడే చెప్పింది. చైన్లు తొడిగే మనుషులకి కాలిఫోర్నియా రోడ్ల శాఖ కాల్‌ట్రాన్స్ అనుమతి ఉండాలి, వాళ్ళు కాల్‌ట్రాన్స్ ఉద్యోగులు కారు, సొంతంగా పనిచేసుకునేవాళ్ళు, కానీ చైన్లు అమ్మడానికి, అద్దెకివ్వడానికి వాళ్ళకి వీల్లేదు. అంటే రోడ్డు పక్కన "అమ్ముతా, తొడుగుతా" అని రెండూ అన్నాడంటే అక్కడే అనుమానించాలి. ఇంకో తప్పు, ఆ మనిషి వెనక చక్రాలకి తొడిగాడు. మా బండి మాన్యువల్‌లో ముందు చక్రాలకని స్పష్టంగా ఉంది, ఆవిడే గ్లవ్ బాక్సులోంచి తీయించి చూపించింది. ఏడబ్ల్యూడీ అయితే ఏ చక్రాలకో మీ పుస్తకం చూసుకోండి, పక్కవాడి బండి చూసి కాదు.

కాలిఫోర్నియాలో చైన్ కంట్రోల్ మూడు రకాలు, ఆర్1, ఆర్2, ఆర్3. ఆ రోజు ఆర్2 నడుస్తోంది. ఆర్1లో మామూలు కార్లకి ఇంజన్ తిప్పే చక్రాలకి స్నో టైర్లుంటే చాలు, చైన్లు బండిలో ఉండాలి. ఆర్2లో నాలుగు చక్రాలకీ స్నో టైర్లున్న ఏడబ్ల్యూడీ, ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ళకే మినహాయింపు, వాటిలోనూ చైన్లు ఉండి తీరాలి. ఆర్3 అంటే ఎవరికీ మినహాయింపు లేదు, కానీ అంతవరకు వస్తే చాలాసార్లు రోడ్డే మూసేస్తారు. మావి నాలుగూ ఎం ప్లస్ ఎస్ టైర్లే, మాకు ఆర్2లో మినహాయింపు రావాలి కదా అంటే ఆవిడ లోతు కొలిచే గేజి తీసి వెనక టైరు గాడిలో పెట్టింది. చైన్ల బదులు టైరు మీద వెళ్ళాలంటే గాడి లోతు అంగుళంలో 32వ వంతులు 6 ఉండాలి, సుమారు 4.8 మిల్లీమీటర్లు. మావి 4 వంతులే. షాపువాడు పర్లేదన్న టైర్లు అవే.

వెనక్కి ప్లాసర్‌విల్ వెళ్ళి ఆటో పార్ట్స్ షాపులో మా టైరు సైజు 235/60ఆర్18 అని డబ్బా మీద చదివి మరీ కొన్నాను, ట్యాక్స్‌తో 84.37 డాలర్లు. తిరిగి వచ్చేసరికి మూడు గంటలు పోయాయి. అదే ఆవిడ పది నిమిషాల్లో తొడిగి, కాస్త దూరం వెళ్ళి ఆపి మళ్ళీ బిగించుకోమని చెప్పి, 40 డాలర్లు తీసుకుని బ్యాడ్జీ నంబరు వేసి రసీదు ఇచ్చింది. ఆ ట్రిప్పులో నేను మనస్ఫూర్తిగా ఇచ్చిన డబ్బు అదొక్కటే.

టాహో బాగుంది. పాప మంచు మీద జారే స్లెడ్ దిగలేదు, మామగారు మంచు గుప్పెట్లో పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు.

ఇంటికొచ్చాక వింటర్ చక్రాలు విడిగా ఒక సెట్ తీసుకున్నాను. 17 అంగుళాల స్టీలు రిమ్ములకి 235/65ఆర్17 టైర్లు, మొత్తం వ్యాసం మా 18 అంగుళాల చక్రాలతో దాదాపు సమానమే. రిమ్ము చిన్నదైతే టైరు చౌక, రబ్బరు గోడ ఎత్తు, గుంటలో పడినా రిమ్ము బతుకుతుంది. టైరు 168, రిమ్ము 95, ప్రెషర్ సెన్సర్ 45, నాలుగూ కలిపి 1,232, బిగించి బ్యాలెన్స్ చేసినందుకు ఇంకో 80. కొనేటప్పుడు ఎం ప్లస్ ఎస్ చూసి మోసపోకండి, అది గాడుల ఆకారం గురించి చెప్పే గుర్తు. మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు ఉన్న బొమ్మ చూడండి, అది మంచు మీద పరీక్షలో నెగ్గిన టైరుకే వేస్తారు. వింటర్ టైరు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కంటే కిందకి దిగినా మెత్తగా ఉంటుంది, ఆల్ సీజన్ ఆ చలికి గట్టిపడిపోతుంది. సీజన్లో మూడు నాలుగుసార్లు వెళ్ళేవాళ్ళకి ఈ ఖర్చు దండగ కాదు. ఏడాదికి ఒక్కసారి వెళ్ళేవాళ్ళు మాత్రం పెట్టొద్దు, మా బే ఏరియా (శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) ఎండకి వింటర్ టైర్లు తొందరగా అరిగిపోతాయి. వాళ్ళకి మంచు రేకు గుర్తుండి ఏడాది పొడుగునా వాడుకునే ఆల్ వెదర్ టైర్లు, డిక్కీలో సరైన సైజు చైన్లు చాలు. అద్దె కారులో వెళ్తుంటే ముందు కాగితం చదవండి, చాలా కంపెనీలు చైన్లు వేయడానికి ఒప్పుకోవు.

బయల్దేరేముందు రోడ్ల పరిస్థితి చూపించే క్విక్‌మ్యాప్ యాప్‌లో ఏ కంట్రోల్ ఉందో చూడండి, చైన్ ఉన్నంతసేపూ 25, 30 మైళ్ళు దాటకండి. ముఖ్యంగా ఇంటి ముందు ఒక్కసారైనా తొడిగి చూసుకోండి. మామగారు ఇండియా వెళ్ళేముందు నన్ను కూర్చోబెట్టి మూడుసార్లు తొడిగించారు. మొదటిసారి 40 నిమిషాలు, మూడోసారి 12. ఇప్పుడు డిక్కీలో చైన్ల పక్కనే రబ్బరు గ్లవ్స్, తల లైటు, మోకాళ్ళ కింద వేసుకోవడానికి పాత యోగా మ్యాట్ ఉంటున్నాయి.