ఇంగ్లీషు రీడింగ్ మాక్ టెస్టుల ప్యాకేజీ కొంటున్నారా? ముందు ఆన్సర్ కీ చూడండి

విదేశాల్లో చదువుకో ఉద్యోగానికో వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్. అందులోని రీడింగ్ కోసం వొకాబులరీ లిస్టులూ మాక్ టెస్టులూ కలిపి ఆన్‌లైన్‌లో ప్యాకేజీగా అమ్ముతున్నారు. అలాంటిది కొనబోతున్నవాళ్లు కాసేపు ఆగి ఇది చదవండి. మా చెల్లెలి కోసం ఒకటి కొన్నాం. డబ్బు పోవడం ఒక ఎత్తు. తప్పుల తడకగా ఉన్న ఆన్సర్ కీ వల్ల, సరిగ్గా అర్థం చేసుకున్న చోట కూడా తన మీద తనకు నమ్మకం పోవడం ఇంకో ఎత్తు. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ రెండోదే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ప్రకటనలో చెప్పినవి ఇవి: నెల రోజుల్లో 5000 'హై లెవెల్' పదాలు, వందకు పైగా 'అసలు పరీక్షలో వచ్చిన' రీడింగ్ టెస్టులు, ప్రతి టెస్టుకీ బ్యాండ్ స్కోరు (ఐఈఎల్‌టీఎస్‌లో 9 దాకా ఇచ్చే స్థాయి మార్కు) లెక్క, అనుకున్న బ్యాండ్ రాకపోతే పూర్తి డబ్బు వాపసు. శాంపిల్‌గా చూపించిన టెస్టు నిజంగానే బాగుంది. బాగుండక ఏం చేస్తుంది? పరీక్ష నిర్వహించే సంస్థలు ఉచితంగా ఇచ్చే శాంపిల్‌నే తీసుకుని, పేజీ డిజైన్ మార్చి తమదిగా చూపించారు. డబ్బు కట్టాక డౌన్‌లోడ్ అయిన పీడీఎఫ్‌లకూ ఆ శాంపిల్‌కూ పొంతనే లేదు.

మొదట ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ ప్రశ్నల సంగతి చెబుతాను, ఎందుకంటే అసలు నష్టం జరిగింది అక్కడే. ఈ ప్రశ్నల్లో ఒక వాక్యం ఇస్తారు. ప్యాసేజ్ ఆ మాటే చెబుతుంటే ట్రూ, దానికి విరుద్ధంగా చెబుతుంటే ఫాల్స్, ఆ విషయం తేల్చడానికి ప్యాసేజ్‌లో ఏమీ లేకపోతే నాట్ గివెన్. రీడింగ్‌లో చాలామందిని ఇబ్బంది పెట్టేది ఫాల్స్‌కూ నాట్ గివెన్‌కూ మధ్య ఉన్న ఈ గీతే. ప్రాక్టీసు చేసేది ఆ గీత కనబడటం కోసమే. మేం కొన్న ప్యాకేజీలో కీ ఆ గీతనే చెరిపేసింది.

ఒక ప్యాసేజ్ వంతెన గురించి. ఎవరు కట్టారు, ఏ రాయి వాడారు, ఏ కాలంలో జనానికి తెరిచారు అన్న వివరాలున్నాయి. ప్రశ్నలో వాక్యం: "వంతెన పని అనుకున్న గడువు కంటే ఆలస్యంగా పూర్తయింది." ప్యాసేజ్‌లో గడువు అన్న ప్రస్తావనే లేదు. మా చెల్లి నాట్ గివెన్ పెట్టింది. కీలో మాత్రం ఫాల్స్. పక్కనే వివరణ: "ఆలస్యమైందని ప్యాసేజ్‌లో ఎక్కడా చెప్పలేదు కాబట్టి తప్పు." చెప్పలేదు కాబట్టే కదా అది నాట్ గివెన్!

మరో ప్యాసేజ్‌లో దీనికి తలకిందులుగా జరిగింది. పరిశోధకులు తెచ్చిన మొక్కలన్నీ కొండకు ఉత్తరపు వాలు నుంచి సేకరించినవేనని ప్యాసేజ్ స్పష్టంగా చెబుతోంది. ప్రశ్నలో వాక్యం: "కొన్ని మొక్కలను దక్షిణపు వాలు నుంచి సేకరించారు." అన్నీ ఉత్తరం నుంచే అన్నప్పుడు ఇది ఫాల్స్. కీ ఏమందంటే, "దక్షిణం గురించి ప్రస్తావన లేదు, కాబట్టి నాట్ గివెన్." అంటే కీ తయారుచేసినవాళ్లు అర్థం చూడటం లేదు, ఆ పదం ప్యాసేజ్‌లో ఉందా లేదా అని మాత్రమే వెతుకుతున్నారు.

ఒకటీ అరా అయితే అచ్చుతప్పులని వదిలేయవచ్చు. కానీ టెస్టు తర్వాత టెస్టులో ఇదే వరస. ఫలితంగా జరిగిందేమిటంటే, మా చెల్లి మొదట్లో సరిగ్గా పెట్టిన జవాబులనే కీ చూసి తప్పని దిద్దుకుంది. కొన్నాళ్లకు ప్యాసేజ్‌లో కనబడని ప్రతిదానికీ ఫాల్స్ పెట్టేయడం అలవాటైంది. అధికారిక శాంపిల్ టెస్టు ఒకటి కూర్చోబెట్టి రాయిస్తే, ప్యాకేజీ మొదలుపెట్టక ముందు వచ్చిన స్కోరు కూడా రాలేదు. "నాకు ఇంగ్లీషు అర్థమవడం లేదేమో అక్కా" అంది. అర్థమవుతోంది. అర్థమైనదాన్ని కాదనడం నేర్పించారు, అంతే. ఆ అలవాటు వదిలించడానికి పట్టిన సమయంలో తను కొత్తగా ఎంతో నేర్చుకుని ఉండేది.

మిగతా ప్రశ్నలు కూడా ఇలాగే ఉన్నాయి. ఖాళీలు పూరించే ప్రశ్నల్లో అసలు పరీక్ష పద మితి పెడుతుంది. 'రెండు పదాలకు మించకూడదు' అన్నచోట మూడు పదాలు రాస్తే ఆ మార్కు పోతుంది. జవాబు ప్యాసేజ్‌లోంచి తీసుకోమంటే అక్కడున్న పదాన్నే రాయాలి, స్పెల్లింగ్ తప్పితే మార్కు రాదు. ఈ ప్యాకేజీలో పైన రెండు పదాల నిబంధన పెట్టి, కింద కీలో మూడు పదాల జవాబు ఇచ్చారు. ఇంకొన్ని చోట్ల ప్యాసేజ్‌లో లేని పర్యాయపదాన్ని సరైన జవాబుగా చూపించారు. దాన్ని నమ్మి పరీక్షలో సొంత పదాలు రాసినవాళ్ల గతి ఏమిటి?

పేరాలకు హెడింగులు జతపరిచే ప్రశ్నల్లో అసలు పరీక్ష పేరాల కంటే ఎక్కువ హెడింగులు ఇస్తుంది. అలా ఇవ్వడంలోనే పరీక్ష ఉంది. ఒక చిన్న వివరాన్ని పట్టుకుని వేలాడే హెడింగును పక్కన పెట్టి, పేరా మొత్తం దేని గురించో చెప్పేదాన్ని ఎంచుకోవాలి. వీళ్లు అయిదు పేరాలకు అయిదే హెడింగులు ఇచ్చారు. చివరిది చదవకుండానే తేలిపోతుంది. అలాగే ట్రూ ఫాల్స్ ప్రశ్నలు అసలు పరీక్షలో ప్యాసేజ్ నడిచే వరసలోనే వస్తాయి, మూడో ప్రశ్న జవాబు దొరికిందంటే నాలుగోది ఆ తర్వాతే ఉంటుందన్న ధీమా ఉంటుంది. ఇక్కడ ఆ వరసే లేదు. పిల్ల ప్రతి ప్రశ్నకూ మళ్లీ మొదటి నుంచి వెతుక్కుంది.

నిడివి సంగతీ చూడండి. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ (పై చదువులకు వెళ్లేవాళ్లు రాసే రకం) రీడింగ్ 60 నిమిషాలు, 40 ప్రశ్నలు, మూడు ప్యాసేజ్‌లు. మూడూ కలిపి 2150 నుంచి 2750 పదాల దాకా ఉంటాయి. అంటే ఒక్కో ప్యాసేజ్‌కు సగటున 20 నిమిషాలు. ప్యాకేజీలోని ప్యాసేజ్‌లు ఆ నిడివిలో సగం కూడా లేవు. పొట్టి ప్యాసేజ్‌లతో అలవాటైన కళ్లు మూడో పెద్ద ప్యాసేజ్ దగ్గరికి వచ్చేసరికి అలిసిపోతాయి. పైగా సూచనల పేజీలో, జవాబులు షీటులోకి ఎక్కించుకోవడానికి చివర 10 నిమిషాలు అదనంగా ఇస్తారని రాశారు. పేపర్ మీద రాసే పరీక్షలో ఆ 10 నిమిషాలు లిజనింగ్‌కు ఇచ్చేవి. రీడింగ్‌లో అలాంటిదేమీ లేదు, ఆ గంటలోనే జవాబులు కూడా రాసేయాలి. ఈ ఒక్క అబద్ధం నమ్మి హాల్లోకి వెళ్లినా చాలు, కొన్ని జవాబులు ప్రశ్నపత్రం మీదే మిగిలిపోతాయి.

బ్యాండ్ స్కోరు పట్టిక కొన్నవాళ్లను సంతోషపెట్టడానికే తయారుచేసినట్టుంది. అకడమిక్ రీడింగ్‌లో బ్యాండ్ 7కు సుమారు 30 సరైన జవాబులు కావాలి, బ్యాండ్ 6కు సుమారు 23. టెస్టును బట్టి కొద్దిగా అటూ ఇటూ అవుతుంది. ఎక్కువగా ఉద్యోగం, వలస కోసం రాసే జనరల్ ట్రైనింగ్ రకంలో ప్యాసేజ్‌లు కాస్త సులువు కనుక అదే 30కి బ్యాండ్ 6 దగ్గరే ఆగుతుంది. వీళ్ల పట్టికలో రెండింటికీ ఒకటే లెక్క, అదీ ఎంతో ఉదారంగా. ఇంట్లో 7 వచ్చిందనుకుని పరీక్ష తేదీ బుక్ చేసుకున్నవాళ్లు కడుపు కట్టుకుని ఫీజు కట్టి ఉంటారు. వాళ్ల గురించి ఆలోచిస్తే కోపం వస్తోంది.

ఇక 5000 పదాల సంగతి. నెలకు 5000 అంటే రోజుకు 160కి పైగా. మనిషన్నవాడికి అది సాధ్యం కాదు, కంఠస్థం పెట్టినా వారానికి నిలవవు. అది అలా ఉంచి, ఆ పదాలు ఎలాంటివో చూడండి. ఎక్కడా కనబడని అరుదైన పదాలు, అక్షరక్రమంలో, ఒక్కోదానికి ఒకే ఒక్క అర్థంతో. ఉదాహరణ వాక్యం లేదు, ఏ పదంతో కలిసి వస్తుందో లేదు. 'యీల్డ్' పక్కన 'లొంగిపోవు' అని మాత్రమే ఉంది. వ్యవసాయం మీద ప్యాసేజ్ వస్తే అక్కడ అది దిగుబడి. 'అడ్వర్స్', 'అవర్స్' రెండింటికీ ఒకే అర్థం రాశారు. నిజానికి మొదటిది ప్రతికూలమైన అని, రెండోది ఇష్టపడని అని. లిస్టు తయారుచేసినవాళ్లకే తేడా తెలియలేదు.

నిజానికి రీడింగ్ ప్యాసేజ్‌లలో పదేపదే ఎదురయ్యేవి అజ్యూమ్, డిరైవ్, సస్టెయిన్, కన్‌స్ట్రెయిన్ లాంటి పదాలు. ఏ సబ్జెక్టు మీద రాసినా వస్తాయి. న్యూజిలాండ్‌లోని విక్టోరియా యూనివర్సిటీ ఆఫ్ వెల్లింగ్టన్‌లో ఆవెరిల్ కాక్స్‌హెడ్ సుమారు 35 లక్షల పదాల అకడమిక్ రచనలను పరిశీలించి, 2000లో అకడమిక్ వర్డ్ లిస్టు ప్రచురించారు. అందులో 570 పద కుటుంబాలున్నాయి, అంటే ఒకే మూలపదం నుంచి వచ్చిన పదాల గుంపులు. ఆ రచనల్లో దాదాపు 10 శాతం వీటితోనే నిండి ఉంది. ఈ లిస్టు ఉచితంగా దొరుకుతుంది. మా చెల్లికి ఇప్పుడు దాన్నే ఇచ్చాను. రోజుకు కొద్ది పదాలే. ప్రతి పదాన్నీ ముందు తను చదివే ప్యాసేజ్‌లో వెతకాలి, రెండు రోజుల తర్వాత లిస్టు మూసేసి గుర్తు తెచ్చుకోవాలి. 5000 పదాల పీడీఎఫ్‌తో రాని ధైర్యం దీనితో వస్తోంది.

'అసలు పరీక్షలో వచ్చిన ప్రశ్నలు' అన్న మాట దగ్గర ఇంకాస్త జాగ్రత్త పడండి. నిజంగా బయటికి పొక్కినవే అయితే వాటిని కొనడమే ప్రమాదం. మోసం జరిగిందని అనుమానం వస్తే ఫలితాన్ని ఆపే అధికారం, రద్దు చేసే అధికారం పరీక్ష సంస్థలకు ఉంది. నిజమైనవి కాకపోతే అది వట్టి అబద్ధం. మేం చూసినవి ఎక్కడెక్కడివో వ్యాసాలు తెచ్చి పదాలు మార్చి అతికించినవి. కొన్ని వాక్యాలకు అర్థమే లేదు. అర్థం లేని వాక్యాన్ని అర్థం చేసుకోలేక పిల్ల తనను తాను నిందించుకుంది. ఇవి అమ్మినవాళ్లే తర్వాత మరో మెసేజ్ పంపారు: పరీక్ష రాయకుండానే సర్టిఫికెట్ ఇప్పిస్తామని. దాని జోలికి అస్సలు పోకండి. యూనివర్సిటీలూ ఇతర సంస్థలూ ఆ స్కోరును ఆన్‌లైన్‌లో నేరుగా సరిచూసుకుంటాయి. దొరికిపోతే పోయేది డబ్బు ఒక్కటే కాదు.

అదే చోట ఐఈఎల్‌టీఎస్ లాంటిదే మరో ఇంగ్లీషు పరీక్ష అయిన టోఫెల్ ప్యాకేజీ కూడా ఉంది. అందులో ఇంకా మూడు నాలుగు ప్యాసేజ్‌లు, 54 నుంచి 72 నిమిషాల పాత పద్ధతే పెట్టారు. 2023 జులైలోనే టోఫెల్ రీడింగ్ రెండు ప్యాసేజ్‌లు, 20 ప్రశ్నలు, 35 నిమిషాలకు తగ్గింది. 2026 జనవరిలో మళ్లీ మారింది, ముందు భాగం ఎలా రాశారన్నదాన్ని బట్టి తర్వాతి భాగం కష్టమో సులువో నిర్ణయమయ్యే పద్ధతి వచ్చింది. కాబట్టి ఏ పరీక్షకైనా మెటీరియల్ ఎప్పటిదో అడగకుండా కొనకండి.

వాపసు అడిగితే అసలు షరతులు అప్పుడు బయటపడ్డాయి. అన్ని టెస్టులూ పూర్తిచేసి ఉండాలట, ప్రతిదానిలోనూ వాళ్లు చెప్పిన స్కోరు దాటి ఉండాలట, పరీక్ష రాసిన ఫలితం కూడా జతచేయాలట. తప్పులున్న కీతో వాళ్ల స్కోరు దాటాలంటే తప్పు జవాబులే పెట్టాలి. తప్పుల పట్టిక తయారుచేసి పంపాను. 'మా నిపుణులు పరిశీలిస్తారు' అని ఒక జవాబు వచ్చింది, తర్వాత మమ్మల్ని కొన్నవాళ్ల కోసం వాళ్లు పెట్టిన గ్రూపులోంచి తీసేశారు.

ఇప్పటికే కొన్నవాళ్లు రసీదు, ప్రకటన స్క్రీన్‌షాట్, తప్పుల వివరాలు దాచుకోండి. కార్డుతో కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా బ్యాంకుకు ఫిర్యాదు రాయండి, దానికి గడువుంటుంది. ఇంకా కొననివాళ్లు ముందు ఐఈఎల్‌టీఎస్ వెనకున్న సంస్థలు బ్రిటిష్ కౌన్సిల్, ఐడీపీ, కేంబ్రిడ్జ్ ఇచ్చే ఉచిత శాంపిల్ టెస్టులు పూర్తిచేయండి. ఆ తర్వాత కూడా ఇంకేదైనా కొనాలనిపిస్తే, శాంపిల్ కాకుండా మధ్యలోని ఒక టెస్టు కీతో సహా చూపించమని అడగండి. ప్రతి జవాబుకూ ప్యాసేజ్‌లో ఏ వాక్యం ఆధారమో కీలో రాసి ఉండాలి. నాట్ గివెన్ అన్న జవాబులు రెండు మూడు తీసుకుని మీరే సరిచూడండి. చూపించనంటే కొనకండి.

మేం కొన్న సరుకే ఇప్పుడు వేరే పేర్లతో, వేరే రంగుల కవర్లతో తిరుగుతోందని ఇద్దరు ముగ్గురు చెప్పారు. పేరు చూసి పోల్చుకోలేరు కనుక గుర్తులు చెబుతున్నాను: వంతెన ప్యాసేజ్‌లో ఆలస్యం ప్రశ్నకు ఫాల్స్, మొక్కల ప్యాసేజ్‌లో దక్షిణపు వాలు ప్రశ్నకు నాట్ గివెన్, సూచనల పేజీలో రీడింగ్‌కు 10 నిమిషాల అదనపు సమయం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనబడినా అది అదే ప్యాకేజీ.