సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు: పాత డీజిల్ జీపుతో 14 ఏళ్లు

మాది 1998 మోడల్ డీజిల్ జీపు. 2011లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. చింతపల్లి దగ్గర తోటలోంచి కాఫీ, మిరియాల బస్తాలు దించడం, వారానికి ఒకటి రెండుసార్లు నర్సీపట్నం ఘాట్ దిగి ఎక్కడం, ఇదీ దాని పని. బరువుకి వెనకాడదు, బురదకి భయపడదు. ఘాట్ ఎక్కుతూ ఇంజన్ వేడెక్కి ఆగిన రోజు ఒక్కటీ లేదు. నన్ను ఏడిపించిందల్లా పొద్దున్నే స్టార్టింగ్.

2013లో మొదలైంది. తాళం తిప్పితే సెల్ఫ్, అంటే ఇంజన్‌ని మొదట తిప్పే మోటారు, గిర్రున తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. పది నిమిషాలు తంటాలు పడితే ఎప్పటికో దగ్గుకుంటూ లేస్తుంది. ఒకసారి లేచిందా, సాయంత్రం దాకా ఎన్నిసార్లు ఆపినా టక్కున స్టార్టే. షెడ్‌కి తీసుకెళ్తే ఇంజన్‌లోకి డీజిల్ కొట్టే పంపు పోయిందన్నారు. పంపు విప్పి, క్యాలిబ్రేషన్ చేయించి, కొత్త ఫిల్టర్ వేసి, తొమ్మిది వేలు తీసుకున్నారు. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు పొద్దున్న మళ్లీ అదే కథ.

తోట దగ్గరికి లోడు కోసం వచ్చిన పెద్దాయన, లారీ డ్రైవర్, నా అవస్థ చూసి ఒక్కటే అడిగారు: ‘బాబూ, రాత్రి బండి మూతి ఎటు పెట్టారు?’ మా ఇంటి ముందు వాలు. బండి మూతి పైకే ఉంటుంది. ఆ రెండు రోజులూ షెడ్ దగ్గర చదునులో ఉంది. ఆయన ఫిల్టర్ ముందు పైపు తీసి, జానెడు పారదర్శకపు పైపు ముక్క మధ్యలో పెట్టి క్లిప్పులు బిగించారు. డీజిల్ లైనుకుండే చిన్న చేతి పంపు కొడుతుంటే డీజిల్‌తో పాటు ఆవగింజలంత బుడగలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపు వంపు దగ్గర, క్లిప్పు కింద, వెంట్రుకంత పగులు. బయటికి ఒక్క చుక్క కారలేదు. ఎందుకంటే ట్యాంకు నుంచి డీజిల్ తెచ్చే ఫీడ్ పంపు అటువైపు నుంచి డీజిల్‌ని లాగుతుంది తప్ప నెట్టదు, అందుకని పగులులోంచి గాలే లోపలికి పోతుంది. రాత్రంతా గాలి పట్టి, పల్లంలో ఉన్న ట్యాంకులోకి డీజిల్ మెల్లగా వెనక్కి జారిపోతోంది. కొత్త పైపు, రెండు క్లిప్పులు కలిపి వంద రూపాయలు కూడా కాలేదు. ఆ తొమ్మిది వేల బాధ ఇప్పటికీ ఉంది. ఆ పారదర్శకపు ముక్క ఇప్పటికీ బండిలోనే ఉంది, తీయలేదు.

ఆయన నేర్పిందే ఇంకొకటి చెప్తాను, దీనికోసమే ఇదంతా రాస్తున్నాను. ఏ పార్టూ కొనకముందు, ఒకరిని సెల్ఫ్ కొట్టమని చెప్పి మీరు సైలెన్సర్ దగ్గర నిలబడండి. పొగే రాకపోతే ఇంజెక్టర్ల (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ముక్కుల) దాకా డీజిల్ చేరడం లేదని అర్థం: ట్యాంకులో డీజిల్, పైపులు, ఫిల్టర్, పైపుల్లో గాలి, స్టాప్ సొలినాయిడ్ (తాళం ఆన్ చేస్తే పంపులో డీజిల్ దారి తెరిచే కరెంటు మీట), ఈ వరసలో చూడండి. తెల్లటి పొగ వచ్చి కళ్లు మండుతూ పచ్చి డీజిల్ వాసన కొడితే డీజిల్ చేరుతోంది, అంటుకోవడమే లేదు. అప్పుడు హీటర్ ప్లగ్గులు (చల్లటి ఇంజన్ లోపల వేడి పుట్టించేవి), సెల్ఫ్ వేగం, ఆ తర్వాతే కంప్రెషన్, అంటే ఇంజన్ గాలిని నొక్కే బలం. మా పంపు విప్పిన రోజు ఈ పని ఎవరూ చేయలేదు.

తెల్ల పొగ మాకు 2017 డిసెంబరులో వచ్చింది. లంబసింగి వైపు చలి సంగతి తెలిసిందే. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ఉండదు, గాలిని దాదాపు ఇరవయ్యో వంతుకి నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. ఇనుమంతా మంచులా ఉంటే ఆ వేడి చాలదు. ప్లగ్గుల మీది పట్టీ విప్పి, బ్యాటరీ ప్లస్ నుంచి టెస్ట్ బల్బు వైరు ఒక్కో ప్లగ్గుకి తాకించాను. వెలిగితే ప్లగ్గు బతికున్నట్టే. నాలుగింటిలో ఒక్కటే వెలిగింది. నాలుగూ మార్చాను. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ 9.6 వోల్టుల కిందికి పడితే ప్లగ్గులు బాగున్నా లాభం లేదు, ఇంజన్ నెమ్మదిగా తిరిగి వేడి పుట్టదు. మీటరు పెట్టి ఇది కూడా చూసుకోండి. హీటర్ ప్లగ్గులున్న బండికి స్టార్టింగ్ స్ప్రే మాత్రం కొట్టకండి. ఎర్రగా కాలిన ప్లగ్గు మీద ఆ స్ప్రేలోని ఈథర్ పడితే సిలిండర్‌లో వేళకి ముందే పేలుతుంది, పిస్టన్లు విరగొచ్చు.

సొలినాయిడ్ ఒకసారి ఘాట్ మధ్యలో మొండికేసింది. తాళం ఆన్ చేస్తే పంపు దగ్గర ‘టిక్’ మని వినబడాలి, వినబడలేదు. వైరు చివర తుప్పు. గీకి బిగిస్తే ఐదు నిమిషాల్లో కదిలాను.

డీజిల్ పైపుల్లో చేరిన గాలి తీయడం ఎవరికి వారు నేర్చుకోవాల్సిన పని. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, నురగ పోయి డీజిల్ తేటగా వచ్చేదాకా చేతి పంపు కొట్టి బిగించాలి. అప్పటికీ లేవకపోతే ఇంజెక్టర్ల దగ్గర రెండు నట్లు వదిలి సెల్ఫ్ కొట్టి, డీజిల్ చిమ్మగానే బిగించాలి. ఆ చిమ్మేచోట చెయ్యి అడ్డం పెట్టకండి, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దిగిపోతుంది. పది సెకన్లు కొట్టాక సెల్ఫ్‌కి నిమిషమైనా విరామం ఇవ్వండి.

ఇప్పుడు చలిలో రెండో ప్రయత్నానికి లేస్తోంది, లేచాక ఒక నిమిషం తెల్ల పొగ. ఇంజెక్టర్లు అరిగాయనుకుంటున్నాను, ఈ కార్తీకం లోపు విప్పించి టెస్టింగ్‌కి ఇస్తాను. బండి అమ్మే ఆలోచన లేదు. ఇలాంటిది కొనాలనుకునేవాళ్లు తెల్లారగానే వెళ్లండి. ముందు బానెట్ ఎత్తి ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలితే ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట, ఇంకోరోజు వస్తామని చెప్పి వచ్చేయండి.