క్లినిక్ నడిపే డాక్టర్లకు హెచ్చరిక: కలెక్షన్‌లో శాతం అడిగే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొనకండి

గుంటూరు అరండల్‌పేటలో చిన్న క్లినిక్ నాది. జనరల్ ఫిజీషియన్‌ని. లోపలే ఒక మందుల షాపు, ఒక ఈసీజీ మెషీను, రిసెప్షన్‌లో ఒక అమ్మాయి, ఒక నర్సు. అంతే. 2024 ఆగస్టులో ఒక కంపెనీ దగ్గర బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తీసుకుని ఐదు నెలలు ఇబ్బంది పడ్డాను. వాళ్ల మనుషులు ఇప్పుడు బ్రాడీపేట, కొత్తపేట క్లినిక్కులతో పాటు విజయవాడ సూర్యారావుపేటలో కూడా తిరుగుతున్నారని తెలిసి ఇది రాస్తున్నాను.

నేను కొనడానికి కారణం ఉంది. సాయంత్రం ఓపీ అయ్యాక క్యాష్ లెక్క రోజూ తేడా వచ్చేది. అద్దె పెరిగింది, జీతాలు పెరిగాయి, నెలాఖరుకు ఎంత మిగిలిందో నాకే తెలిసేది కాదు. వచ్చిన అబ్బాయి "మేడమ్, మీ క్లినిక్‌లో ఎక్కడ లీకవుతోందో మేం చూపిస్తాం, కలెక్షన్ పెంచుతాం" అన్నాడు. ముందు 40 వేలు, ఆపైన నెల కలెక్షన్‌లో 3 శాతం. కలెక్షన్ పెరిగితేనే వాళ్లకూ పెరుగుతుంది కదా, న్యాయంగానే ఉందనుకున్నాను. నేను చేసిన అసలు పొరపాటు అదే.

అప్పట్లో నా ఫీజు 400. పది రోజుల్లోపు మళ్లీ వస్తే రివ్యూకు డబ్బు తీసుకోను. ఈ మాట గోడ మీద బోర్డులోనే ఉంటుంది. అక్టోబరులో సత్తెనపల్లి వైపు నుంచి వచ్చే ఒక పెద్దావిడ చీటీ పట్టుకుని నేరుగా నా గదిలోకి వచ్చింది. "పది రోజుల్లోపు రమ్మన్నారు గదమ్మా, ఇయ్యాల తొమ్మిదో రోజే. మళ్లీ నాలుగొందలు కట్టమంటన్నారు" అంది. బయటికి వెళ్లి అడిగితే రిసెప్షన్ అమ్మాయి స్క్రీన్ చూపించింది. రివ్యూ గడువు ఐదు రోజులే అని ఉంది. అప్‌డేట్ పేరుతో వాళ్లు మార్చేశారు. నాకు ఒక్క మాట చెప్పలేదు.

ఆవిడకు షుగర్ మాత్రల డోసు పెంచి పంపాను. ఫాస్టింగ్ ఎంత ఉందో, మధ్యలో షుగర్ మరీ పడిపోతోందేమో చూడటానికే రమ్మన్నాను. ఆవిడ కాబట్టి అడిగింది. అడగలేక వెనక్కి వెళ్లిపోయినవాళ్ల సంగతేంటి? ఆ రాత్రి రిజిస్టర్ తీసి, డోసు మార్చి రమ్మన్నాక మళ్లీ రానివాళ్లందరికీ ఫోన్లు చేయించాను. ముగ్గురు డబ్బు అడిగారనే వెళ్లిపోయారు. వాళ్లలో ఒకాయనకు కళ్లు తిరుగుతుంటే సగం మాత్ర తనే మానేశాడట. అది విన్నప్పుడు నాకు కలిగిన బాధ ఏ లెక్కల్లోనూ కనపడదు.

ఆ తర్వాత బిల్లులన్నీ దగ్గర కూర్చుని చూశాను. ఓపీ ఫీజు మీద అదనంగా ఏమీ లేదు, అందుకే అంతవరకు అనుమానం రాలేదు. కానీ ఈసీజీ 300 ఉండాల్సింది 354 అని ఉంది. నెబ్యులైజేషన్, డ్రెస్సింగ్‌ల మీద కూడా అంతే, 18 శాతం జీఎస్టీ. మందుల షాపు కోసం తీసుకున్న నా జీఎస్టీ నంబరును మొత్తం బిల్లింగ్‌కు తగిలించి, ఈ సేవలను కూడా పన్ను పడేవాటిలో కలిపేశారు. డాక్టర్లు, క్లినిక్కులు చేసే వైద్యసేవకు జీఎస్టీ లేదు. 2017 నాటి 12వ నంబరు సెంట్రల్ ట్యాక్స్ రేట్ నోటిఫికేషన్‌లోనే ఆ మినహాయింపు ఉంది. అందం కోసం చేసే కాస్మెటిక్ సర్జరీ, హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ లాంటివి అందులోకి రావు. నా దగ్గర అలాంటివేమీ లేవు. ఓపీ పేషెంట్లకు షాపులో అమ్మే మందుల లెక్క మాత్రం వేరు, వాటికి పన్ను ఉంటుంది.

పొరపాటున వసూలు చేశాం కదా అని ఆ డబ్బు మన దగ్గర ఉంచుకోవడానికి లేదు. పన్ను పేరుతో ఎంత తీసుకుంటే అంతా ప్రభుత్వానికి కట్టాల్సిందేనని కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టం 76వ సెక్షన్ చెబుతోంది. 18 వేల పైచిలుకు తేలింది. ఆడిటర్ చెప్పినట్టు అంతా కట్టేశాను. పేషెంట్లకు మాత్రం ఫోన్ చేసి నా చేతి డబ్బే తిరిగి ఇస్తున్నాను. ఇంకా కొంతమంది దొరకలేదు. కంపెనీవాళ్లను అడిగితే "సెట్టింగ్స్ మీరే చూసుకోవాలి మేడమ్" అన్నారు.

3 శాతం ఎలా లెక్కేశారో కూడా చెప్పాలి. ఫీజుల మీదే కాదు, మందుల అమ్మకం మీద, చివరికి ఆ జీఎస్టీ మీద కూడా వేశారు. ప్రభుత్వం గరిష్ఠ ధర నిర్ణయించే షెడ్యూలు మందులకు 2013 డీపీసీవో (మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు) ప్రకారం రిటైలర్‌కు దక్కే మార్జిన్ కొన్న ధర మీద 16 శాతం. అందులోంచి అమ్మకం ధరలో 3 శాతం పోతే లాభంలో ఐదో వంతు పైనే పోయినట్టు. షాపు అద్దె, ఫార్మసిస్టు జీతం దేంట్లోంచి ఇవ్వాలి?

ఇంకొకటి. అందులో 'రిఫరల్' అని ఒక పేజీ ఉంది. పేషెంటును ఏ ఆర్‌ఎంపీ పంపాడో రాస్తే నెలాఖరుకు ఆయనకు ఇవ్వాల్సిన కమీషన్ అదే లెక్క కడుతుంది. పేషెంటును పంపినందుకు కమీషన్ ఇవ్వడం, తీసుకోవడం 2002 మెడికల్ కౌన్సిల్ ఎథిక్స్ రెగ్యులేషన్స్‌కు విరుద్ధం. నేను వాడలేదు, అయినా నా లాగిన్‌లో ఆ పేజీ ఉంది. రేపు ఎవరైనా అడిగితే జవాబు చెప్పాల్సింది నేను.

డిసెంబరులో వద్దన్నాను. అప్పుడు డేటా ఇవ్వడానికి 25 వేలు అడిగారు. పేషెంటు తన రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని అవే రెగ్యులేషన్స్ చెబుతున్నాయి. నా పేషెంట్ల రికార్డులకు నేనే డబ్బు కట్టి తెచ్చుకోవాల్సి వచ్చింది. వకీలు నోటీసు పంపాను, జవాబు లేదు.

డబ్బు సంపాదించొద్దని నేను అనడం లేదు. ప్రాక్టీసు నిలబడాలంటే ఫీజు సరిగ్గా ఉండాలి, లెక్క సరిగ్గా ఉండాలి. జనవరిలో ఫీజు 450 చేశాను. బోర్డు మార్చి, నెల ముందే అందరికీ చెప్పాను. ఓపీ తగ్గలేదు.

ఇప్పుడు ఏడాదికి ఇంత అని కట్టే మామూలు సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. రేట్లు, రివ్యూ గడువు నా పాస్‌వర్డ్ లేకుండా మారవు. ప్రతి శనివారం డేటా ఎక్సెల్‌లో దించుకుంటాను. షాపు బిల్లు పుస్తకం వేరు, క్లినిక్ బిల్లు పుస్తకం వేరు. పాత కంపెనీ అగ్రిమెంట్ కాపీ నా దగ్గరే ఉంది. వాళ్లు మీ దగ్గరికి వచ్చి ఉంటే సంతకం పెట్టేముందు ఓపీ అయ్యాక రాత్రి ఎనిమిదిన్నర తర్వాత రండి, ఏ షరతు ఎక్కడ దాచారో చూపిస్తాను.